గేర్ల సైకిలును ఇంట్లోనే ఒకే గేరుకు మార్చుకోవడం

ఈ పనికి దిగే ముందు వెనుక ఇరుసు కూర్చునే గాడిని పరిశీలించాలి. అది అడ్డంగా ఉంటే చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగించుకోవచ్చు. నిలువుగా ఉంటే ఆ వీలు లేదు కనుక చైను వదులును లాగి పట్టే చైను టెన్షనర్ ఒకటి అదనంగా కొనవలసి ఉంటుంది.

షిఫ్టర్లు (గేర్లు మార్చే మీటలు), కేబుళ్లు, డీరెయిలర్లు (చైనును ఒక గేరు నుంచి మరో గేరుకు జరిపే భాగాలు), పాత చైను తీసివేయండి. వెనుక పళ్ల చక్రాల భాగం మరతో బిగిసే ఫ్రీవీల్ అయితే, దాని గాళ్లకు సరిపోయే రిమూవర్‌ను (విప్పే పనిముట్టును) బల్లకు బిగించిన బెంచ్ వైసులో పట్టించి, చక్రాన్నే రెండు చేతులతో గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిప్పాలి. ఏళ్ల తరబడి తొక్కిన బలమంతా దాన్ని బిగించి ఉంటుంది గనుక చిన్న స్పానర్‌కు అది లొంగదు. మరలకు గ్రీజు పూసి 18 పళ్ల కొత్త ఫ్రీవీల్ ఎక్కించండి. ముందు పళ్ల చక్రానికి 44 పళ్లుంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం దాదాపు 2.44 చుట్లు తిరుగుతుంది. చదునైన ఊరి రోడ్లకు ఇది నాకు బాగా నచ్చిన నిష్పత్తి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది చైను వరుస మీద. వెనుక నుంచి ఒక కన్ను మూసి చూస్తే రెండు పళ్ల చక్రాలూ ఒకే గీత మీద కనిపించాలి. వెనుకది లోపలికి ఉంటే ఇరుసు మీది స్పేసర్లను (ఎడం కోసం వేసే రింగులను) కుడి నుంచి ఎడమకు మార్చి, రిమ్ మళ్లీ ఫ్రేము మధ్యకు వచ్చేలా స్పోకులు సరిచేయాలి. వంకరగా నడిచే చైను చప్పుడు చేస్తుంది, పళ్లను తినేస్తుంది, చివరికి ఊడిపోతుంది. మందపాటి పళ్ల ఫ్రీవీల్‌కు గేర్ల చైను పట్టదు, వెడల్పు చైనే వేయాలి.

బిగించాక చైను మధ్యభాగం సుమారు అర అంగుళం ఆడాలి. క్రాంకును (పెడల్ బిగించిన కడ్డీని) పూర్తిగా తిప్పి, అత్యంత బిగుతుగా ఉన్నచోటే ఇది చూడండి.