బక్‌వీట్ పొట్టు దిండుని మన మెడకి సరిపోయేలా సెట్ చేసుకోవడం ఎలా?

ఈ దిండు కొన్నవాళ్ళలో చాలామంది నాలుగు రాత్రులు పడుకుని "అబ్బో, రాయిలా ఉంది" అని అటకెక్కించేస్తారు. అందులో దిండు తప్పేం లేదండీ. చాలావరకు ఇవి నిండా కుక్కి వస్తాయి, జిప్ తీసి పొట్టు తగ్గించుకోవాల్సింది మనమే, ఆ ఒక్క పని చేయకుండా తిట్టుకుంటూ ఉంటారు.

అసలు దీన్నెందుకు వాడాలంటే, బక్‌వీట్ (ఉత్తరాదిన కుట్టు అంటారు, పేరులో వీట్ ఉన్నా గోధుమ కాదు) గింజకి మూడు పలకలుంటాయి, లోపలి పప్పు తీసేశాక మిగిలే పొట్టు కూడా అదే ఆకారంలో గుల్లగా, గట్టిగా ఉంటుంది. తల పెట్టగానే ఆ గుల్లలు కాస్త జరిగి ఒకదానికొకటి పట్టుకుని ఆగిపోతాయి, మనం కదిలేదాకా అక్కడే ఉంటాయి. స్పాంజ్ అలా కాదు, నొక్కిన కొద్దీ వెనక్కి తంతూనే ఉంటుంది. దూదేమో ఉండలు కట్టి మధ్యలో గుంట పడుతుంది. పైగా పొట్టు మధ్య ఖాళీల్లో గాలి ఆడుతుంది కాబట్టి తల కింద వేడి నిలవదు, ఉక్కపోతకి అర్ధరాత్రి దిండు తిరగేసే అలవాటున్న వాళ్ళకి ఆ తేడా మొదటి రాత్రే తెలుస్తుంది. జపాన్‌లో సోబా నూడుల్స్ చేసేది ఈ గింజతోనే, దాని పొట్టుతో దిండ్లు కుట్టుకోవడం కూడా అక్కడ ఎప్పటినుంచో ఉంది. అలాగని మెడనొప్పికి మందు అని మాత్రం నేను చెప్పను.

ముందే ఒక మాట. బక్‌వీట్ అలర్జీ ఉన్నవాళ్ళు దీని జోలికే వెళ్ళొద్దు, కొందరికి అది ప్రాణం మీదకి వస్తుంది. పసిపిల్లల దగ్గర కూడా పెట్టొద్దు.

కావాల్సినవి: జిప్ ఉన్న దిండు (జిప్ లేనిది కొనకండి, అంతే), ఒక పెద్ద టబ్, ఒక గ్లాసు, గట్టి మూత ఉన్న డబ్బా, పాత దుప్పటి, జల్లెడ. సైజు విషయంలో చిన్నదే నయం, 35 సెంటీమీటర్లకి 50 సెంటీమీటర్లు అయితే చాలు. పెద్దది 5 కిలోల దాకా తూగుతుంది, రోజూ దాన్ని ఎత్తి పక్క సర్దాలంటే విసుగొస్తుంది.

కొత్త పొట్టుకి ఎండుగడ్డి లాంటి వాసన ఉంటుంది. దుప్పటి మీద పరిచి ఒక పూట ఎండలో పెట్టి, జల్లెడ పట్టి దుమ్ము పోగొట్టండి. ఆ పని ఆరుబయట చేయండి, మాస్క్ పెట్టుకోండి. మళ్ళీ పోసేటప్పుడు దిండుని టబ్‌లో నిలబెట్టి పోయండి, లేదంటే వారం తర్వాత కూడా కాళ్ళ కింద పొట్టు తగులుతూనే ఉంటుంది.

ఇక అందరూ పాడుచేసే స్టెప్, ఎత్తు సరిచేసుకోవడం. ఇక్కడ తొందరపడొద్దు.

ముందు దిండుని రెండు చేతులతో బాగా పిసికి పొట్టుని సమానంగా సర్దండి. ఇప్పుడు ఒక మూల పట్టుకోండి, పిడికెడు ఖాళీ గుడ్డ చేతికి రావాలి. రాలేదంటే ఎక్కువైనట్టే, రెండు గ్లాసులు తీసేయండి. తర్వాత మధ్యలో పిడికిలితో గుద్దండి, ఆ గుంట అలాగే నిలవాలి. నిలవకుండా గట్టిగా తగిలితే ఇంకో గ్లాసు తీయండి. తీసింది పారేయకండి, డబ్బాలో పోసి మూత పెట్టండి, తర్వాత దాంతో పని ఉంది.

ఇప్పుడు పడుకుని చూడాలి, అదీ రోజూ పడుకునే పరుపు మీదే. నేల మీద చూసుకుని బాగుంది అనుకునేవాళ్ళున్నారు, వాళ్ళకి ఏం చెప్పాలో తెలీదు. మెత్తటి పరుపులో భుజం దిగిపోతుంది కాబట్టి దిండు తక్కువ ఎత్తు చాలు, గట్టి పరుపైతే భుజం పైనే ఉంటుంది, ఇంకాస్త పొట్టు కావాలి. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళు ఇంట్లో ఎవరినైనా వీపు వెనక నిలబడి చూడమనండి, మెడ వెన్నుపూసకి తిన్నగా ఉండాలి, తల పరుపు వైపు వాలకూడదు, పైకీ లేవకూడదు. వెల్లకిలా పడుకునేవాళ్ళకి గడ్డం ఛాతీ వైపు వంగుతోందంటే దిండు ఎత్తైనట్టు. భుజాలు దిండు మీదకి ఎక్కకూడదు, దాని మీద ఆనాల్సింది మెడా తలా మాత్రమే.

ఇంకో సంగతి, పొట్టుని తల కింద కాదు, మెడ కింద పోగెయ్యాలి. పడుకోబోయే ముందు దిండు మధ్యలో తల పట్టేంత గుంట చేసి, అక్కడి పొట్టుని మెడ వైపు అంచుకి నెట్టండి. ఇది రోజూ చేయాల్సిందే, పది సెకన్ల పని.

మొదటిసారి అలా సర్దుకున్నాక మాత్రం ఒక్కసారికి ఒక్క గ్లాసే తీయండి లేదా పోయండి, రెండు మూడు రాత్రులు పడుకుని చూశాకే మళ్ళీ జిప్ ముట్టుకోండి. ఒకే రాత్రిలో నాలుగుసార్లు తీసి పోసి చివరికి ఏది బాగుందో మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. పొట్టుతో పాటు దూదో స్పాంజ్ ముక్కలో కలిపితే మెత్తగా ఉంటుందని కొందరు సలహా ఇస్తారు, వినకండి, పొట్టు అడుక్కి దిగి దూది పైకి తేలి రెండిటికీ చెడుతుంది. మెత్తదనం కావాలంటే పైన మందపాటి కాటన్ గలీబు వేయండి, దాంతో గరగర చప్పుడు కూడా కాస్త తగ్గుతుంది. చప్పుడు పూర్తిగా పోదు, అలవాటు పడాల్సిందే.

తర్వాత జాగ్రత్తలు పెద్దగా లేవు. పొట్టుని ఎప్పుడూ తడపొద్దు, బూజు పడుతుంది. ఖాళీ చేసి గుడ్డ మాత్రం ఉతికి, పూర్తిగా ఆరాకే మళ్ళీ నింపండి. పురుగు అనుమానం ఉంటే పొట్టుని కవర్లో కట్టి కొన్ని రోజులు ఫ్రీజర్‌లో పెట్టండి. కాపడానికని మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, ఎండు పొట్టు అంటుకోగలదు.

వాడగా వాడగా పొట్టు నలిగి దిండు దిగుతుంది, డబ్బాలో దాచింది అప్పుడు ఒక గ్లాసు పోసుకోండి. జల్లెడ పట్టినప్పుడు గుల్లల కంటే పొడే ఎక్కువ రాలుతుంటే ఇక పోసి లాభం లేదు, మొత్తం మార్చేసి ఆ పాతది మొక్కల మొదట్లో వేసేయండి.