కంప్యూటర్‌లో ఎలక్ట్రిక్ గిటార్ రికార్డ్ చేసే ముందు జాగ్రత్తలు

– తీగలు పాతబడి మసకబారితే ముందు అవి మార్చండి. ఏ ప్లగిన్ (శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్) కూడా పోయిన మెరుపును తిరిగి తేలేదు. ప్రతి టేక్‌కూ ముందు ట్యూనింగ్ చూసుకోవాలి.

– కేబుల్‌ను ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) పెట్టాక ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కారా? చాలామంది మరిచిపోయేది ఇదే. ఆ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) సాధారణంగా 1 మెగాఓమ్ దగ్గర ఉంటుంది. లైన్ ఇన్‌పుట్‌లో ఇంపీడెన్స్ చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే గిటార్ భాగం) మీద భారం పడి, పై స్వరాలు మొద్దుబారతాయి. టోన్ బాగాలేదని గంటల తరబడి ఈక్యూ (హెచ్చు, తగ్గు స్థాయి శబ్దాలను సరిచేసే నాబ్‌లు) తిప్పేవాళ్లకు చాలాసార్లు అసలు తప్పు ఇక్కడే దొరుకుతుంది.

– మీరు వాయించగలిగినంత గట్టిగా వాయిస్తూ లెవెల్ పెట్టండి. మీటర్ మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగాలి. 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నప్పుడు ఇంకా పెంచాల్సిన అవసరం లేదు.

– హమ్ (గుయ్‌మనే రొద) వస్తోందా? ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, కంప్యూటర్ తెరకు కాస్త దూరంగా జరగండి. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ అయితే కూర్చున్న దిశ మార్చినా తేడా తెలుస్తుంది.

– వాయించిన శబ్దం ఆలస్యంగా వినిపించకుండా బఫర్ (కంప్యూటర్ ఒకసారికి తీసుకునే ధ్వని ముక్క) 128 శాంపిల్స్ లేదా అంతకన్నా తక్కువ పెట్టండి. డైరెక్ట్ మానిటరింగ్ (కంప్యూటర్‌కు వెళ్లకుండా నేరుగా వినిపించే ఏర్పాటు) ఆపేయండి, లేకపోతే ఎఫెక్టుల్లేని పొడి శబ్దం కూడా కలిసి వినిపిస్తుంది.

– యాంప్ సిమ్యులేటర్‌లో (గిటార్ యాంప్లిఫయర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్) క్యాబినెట్, అంటే స్పీకర్ పెట్టె అనుకరణ, ఆన్‌లో ఉండాలి. అది లేని డిస్టార్షన్ కందిరీగ రొదలా ఉంటుంది. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) మాత్రం మీకు నచ్చినదానికన్నా కొంచెం తగ్గించండి. అదే భాగాన్ని రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పంపితే అదే నిండుగా వినిపిస్తుంది.

– ఎఫెక్టుల్లేని డ్రై ట్రాక్ తప్పకుండా దాచుకోండి.