చిన్న సంస్థల్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను పద్ధతిగా నడుపుకోవడం ఎలా?

2017 మే 12న మొదలైన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రాము) దాడిలో లక్షల కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు పడ్డాయి. మన రాష్ట్రంలో చిత్తూరుతో సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ దాడి ఏ లోపాన్ని వాడుకుందో, ఆ లోపాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చి 14నే విడుదల చేసింది. అంటే విరుగుడు చేతికందిన తరువాత దాదాపు రెండు నెలల సమయం ఉన్నా, దానిని వేయని యంత్రాలు ఎన్నో మిగిలిపోయాయి. ప్యాచ్ వేసే బాధ్యత ఒక మనిషికి, వేసే రోజు ఒక క్యాలెండర్‌కు కట్టుబడి లేని చోట ఇప్పటికీ ఇదే జరుగుతుంది. తిరుపతిలోని లాడ్జీ, డయాగ్నస్టిక్ ల్యాబ్, ట్రావెల్స్ ఆఫీసు, డిగ్రీ కాలేజీ, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వంటి చోట్ల పది నుంచి ముప్ఫై కంప్యూటర్లు ఉంటాయి కాని ప్రత్యేకంగా ఐటీ విభాగం ఉండదు. అలాంటి సంస్థలో ఈ పనిని భుజాన వేసుకున్నవారి కోసం ఈ వ్యాసం.

ముందుగా ఒక రిజిస్టర్

ఏ యంత్రాలు ఉన్నాయో తెలియకుండా అప్‌డేట్ల గురించి మాట్లాడుకోవడం వృథా. ఒక నోట్‌బుక్కులోనో ఎక్సెల్ షీటులోనో ప్రతి కంప్యూటర్‌కూ ఒక వరుస రాయాలి: యంత్రం ఎక్కడుంది, ఎవరు వాడతారు, విండోస్ ఏ వెర్షన్, అందులో ఏ పని ఆగితే సంస్థ ఆగుతుంది, చివరి అప్‌డేట్ ఏ తేదీన పడింది. ఉదాహరణకు ఒక లాడ్జీలో “రిసెప్షన్ ఒకటో కంప్యూటర్, విండోస్ 11, బిల్లింగ్, స్కానర్, వేలిముద్ర పరికరం, తెల్లవారుజామున ముట్టుకోకూడదు” అని ఉంటే చాలు. స్టార్ట్ మెనూలో విన్‌వర్ (winver) అని టైపు చేస్తే వెర్షన్ కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో అప్‌డేట్ హిస్టరీ తెరిస్తే చివరగా పడిన ప్యాచ్ కేబీ నంబరు (మైక్రోసాఫ్ట్ ఆ ప్యాచ్‌కు ఇచ్చిన గుర్తింపు సంఖ్య), తేదీ దొరుకుతాయి.

ఈ జాబితాలో సాధారణంగా జారిపోయేవి కంప్యూటర్లు కానివి. వైఫై రూటర్, సీసీ కెమెరాల డీవీఆర్, హాజరు తీసుకునే బయోమెట్రిక్ యంత్రం, నెట్‌వర్క్ ప్రింటర్ లోపల కూడా సాఫ్ట్‌వేర్ ఉంటుంది, వాటికీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు వస్తాయి. బిగించిన రోజు తరువాత వాటి వైపు ఎవరూ చూడరు. ముఖ్యంగా రూటర్ ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడే పరికరం కనుక దానికి రిజిస్టర్‌లో మొదటి పేజీలోనే చోటివ్వాలి. మూడు నెలలకొకసారి దాని అడ్మిన్ పేజీ తెరిచి కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో చూడాలి.

మన క్యాలెండర్‌కు తగిన రోజు

మైక్రోసాఫ్ట్ తన భద్రతా ప్యాచ్‌లను 2003 నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తోంది. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది గంటలంటే మనకు రాత్రి పదిన్నర. అక్కడ శీతకాలపు సమయం నడిచే నెలల్లో పదకొండున్నర. కాబట్టి మన లెక్కలో అవి చేతికందేది బుధవారం ఉదయమే. ఆ బుధవారాన్ని క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోవాలి.

బుధవారం నాడు అన్ని యంత్రాలనూ ఒకేసారి అప్‌డేట్ చేయకూడదు. అంతగా ఒత్తిడి లేని ఒకటి రెండు కంప్యూటర్లను పరీక్ష యంత్రాలుగా నిర్ణయించి, మొదట వాటికే వేయాలి. ఎవరూ వాడని పాత యంత్రాన్ని ఇందుకు ఎంచుకుంటే ప్రయోజనం లేదు. మిగతావాటిలో ఉన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్, స్కానర్ దానికీ ఉండాలి, రోజూ ఎవరో ఒకరు దానిమీద పని చేస్తూ ఉండాలి. అప్‌డేట్ అయ్యాక ఒక బిల్లు ముద్రించి చూడాలి, ఒక ఆధార్ కాపీ స్కాన్ చేయాలి, ట్యాలీ తెరవాలి, జీఎస్టీ రిటర్నుకు వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌ను గుర్తిస్తోందో లేదో చూడాలి, వేలిముద్ర పరికరం ఉంటే దాని ఆర్‌డీ సర్వీస్ (ఆధార్ ధ్రువీకరణకు ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రాము) నడుస్తోందో పరీక్షించాలి. పావుగంట పట్టే ఈ పని తరువాత వచ్చే తలనొప్పుల్లో చాలావాటిని ముందే పట్టిస్తుంది.

రెండు మూడు రోజులు ఆ యంత్రాలు సజావుగా నడిస్తే మిగతావాటికి వేయవచ్చు. తిరుపతిలో శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి వరకు యాత్రికుల రద్దీ ఎక్కువ కనుక లాడ్జీలు, ట్రావెల్స్ ఆఫీసులు ఆ రోజులను వదిలిపెట్టి తరువాతి మంగళ, బుధవారాలకు పెట్టుకోవడం మంచిది. దర్శనం టికెట్లు బుక్ చేసే నెట్ సెంటర్లు ఆన్‌లైన్ కోటా విడుదలయ్యే ఉదయాన్ని తప్పించాలి. కాలేజీ ల్యాబులకు శనివారం సాయంత్రం అనువుగా ఉంటుంది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలైతే కోతల కాలంలో, విండోస్ వెర్షన్‌నే మార్చే పెద్ద అప్‌డేట్లను వాయిదా వేసుకోవడం సబబే. నెలవారీ భద్రతా ప్యాచ్‌ను మాత్రం పండుగ పేరుతో నెలలు దాటించకూడదని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే రద్దీ కాలంలో యంత్రం ఆగిపోతే జరిగే నష్టం మామూలు రోజుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

కొత్త ప్యాచ్ పూడ్చే లోపాన్ని నేరగాళ్లు అప్పటికే వాడుకుంటున్నారని తయారీదారు ప్రకటిస్తే ఈ వారం రోజుల క్రమాన్ని పక్కనపెట్టి, పరీక్ష యంత్రం మీద అదే రోజు చూసి, మర్నాటికల్లా అన్నింటికీ వేయాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ తన వెబ్‌సైటులో ఇలాంటి హెచ్చరికలను తీవ్రత స్థాయితో సహా ప్రచురిస్తుంది. వారానికొకసారి చూసే అలవాటు చేసుకుంటే చాలు.

వేసే ముందు

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి, మన దేశంలోని విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. చాలా యంత్రాలను సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన ప్రోగ్రాములతో మాత్రమే) తెరిచి ఒక ఫైలు తొలగించవలసి వచ్చింది. బిట్‌లాకర్ (డిస్కులోని డేటాను ఇతరులు చదవకుండా ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) వేసి ఉన్న యంత్రాలు ఆ దశలో 48 అంకెల రికవరీ కీ అడిగాయి. ఆ కీ ఎక్కడుందో తెలియనివారు ఐదు నిమిషాల పనికి గంటల తరబడి నిలిచిపోయారు. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాపుల్లో ఈ ఎన్‌క్రిప్షన్ మనం అడగకుండానే ఆన్ అయి ఉండవచ్చు కనుక, ప్రతి యంత్రం రికవరీ కీని ముందే కాగితం మీద ముద్రించి బీరువాలో పెట్టాలి.

రెండోది బ్యాకప్. బిల్లింగ్, ట్యాలీ డేటాను బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును వెంటనే తీసివేయాలి. తగిలించి ఉంచిన డిస్కుకు కూడా రాన్సమ్‌వేర్ తాళం వేస్తుంది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారేటప్పుడు డేటాను కొత్త పద్ధతిలోకి మార్చుకుంటే అది పాత వెర్షన్‌లో మళ్లీ తెరుచుకోకపోవచ్చు. అందుకే ఆ రోజు బ్యాకప్ తప్పనిసరి. మూడోది కరెంటు: ఎండాకాలం కోతలున్న రోజుల్లో యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు అప్‌డేట్ మొదలుపెట్టకూడదు.

రీస్టార్ట్ దగ్గరే అంతా ఆగుతుంది

అప్‌డేట్ దిగినా రీస్టార్ట్ కానంతవరకు లోపం పూడినట్లు కాదు. తెల్లవారుజామున రైలు దిగిన కుటుంబం కౌంటర్ ముందు ఆధార్ కార్డులు పట్టుకుని నిలబడి ఉండగా, రిసెప్షన్ తెరపై “అప్‌డేట్లు జరుగుతున్నాయి, 30 శాతం, కంప్యూటర్ ఆపవద్దు” అని కనిపిస్తే, ఆ ఉద్యోగి మర్నాటి నుంచి అప్‌డేట్ అన్న మాటకే భయపడతాడు, కనిపించిన ప్రతిసారీ “తరువాత” అనే బటనే నొక్కుతాడు. అతనిని తప్పుపట్టడం అన్యాయం. సెట్టింగ్స్‌లో యాక్టివ్ అవర్స్ అన్నచోట పని గంటలు పెడితే ఆ సమయంలో యంత్రం తనంతట తాను రీస్టార్ట్ కాదు. అయితే ఇది గరిష్ఠంగా 18 గంటలకే పనికొస్తుంది. ఇరవై నాలుగు గంటలు తెరిచి ఉండే లాడ్జీలో రెండు రిసెప్షన్ కంప్యూటర్లు ఉంచి, వేర్వేరు రోజుల్లో, మధ్యాహ్నం తాకిడి తగ్గిన వేళ ఒక మనిషి దగ్గరుండి రీస్టార్ట్ చేయించాలి.

దుకాణాలకు, చిన్న ఆఫీసులకు సమస్య ఇంకొకటి. రాత్రి షట్టర్ దించేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేయడం మనవారి అలవాటు, అది మంచి అలవాటే. కాని ఒక అప్‌డేట్ నమ్మకంగా పడాలంటే విడుదలైన తరువాత యంత్రం కనీసం రెండు గంటలు నిరంతరాయంగా, మొత్తం మీద ఆరు గంటలు ఇంటర్నెట్‌కు కలిసి ఉండాలని మైక్రోసాఫ్ట్ 2022లో వెల్లడించింది. అరగంట కోసం తెరిచి మూసే యంత్రం నెలల తరబడి పాత స్థితిలోనే ఉండిపోవడానికి కారణం ఇదే. అటువంటి యంత్రాన్ని నిర్ణయించిన రోజున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆన్‌లో ఉంచాలి. ఫాస్ట్ స్టార్టప్ (యంత్రం త్వరగా తెరుచుకునేలా చేసే విండోస్ సెట్టింగ్) ఆన్‌లో ఉన్న యంత్రాల్లో షట్‌డౌన్ చేసి తెరవడం పూర్తి రీస్టార్ట్‌తో సమానం కాదన్నది కూడా సిబ్బందికి చెప్పాలి.

ముప్ఫై కంప్యూటర్లు ఒకే కనెక్షన్ మీద ఒకే ఫైలును విడివిడిగా దించుకుంటే ఆ రోజు ఆఫీసులో నెట్ నత్తనడకే. విండోస్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్‌లో స్థానిక నెట్‌వర్కులోని పరికరాలకు అనుమతి ఇస్తే ఒక యంత్రం దించుకున్నదానిని మిగతావి దాని నుంచే తీసుకుంటాయి. “కొత్త అప్‌డేట్లు రాగానే పొందండి” అనే స్విచ్ మాత్రం పని యంత్రాల్లో ఆఫ్‌లోనే ఉండాలి.

బ్రౌజర్ల సంగతి సులువు: క్రోమ్ తనంతట తానే అప్‌డేట్ దించుకుంటుంది, కాని మూసి తెరిచేదాకా పాత వెర్షనే నడుస్తుంది. రోజూ సాయంత్రం బ్రౌజర్‌ను పూర్తిగా మూసే అలవాటుంటే సరిపోతుంది.

తేడా వచ్చినప్పుడు

అప్‌డేట్ తరువాత ప్రింటర్ మొండికేస్తే కంగారుపడి అన్ని అప్‌డేట్లనూ శాశ్వతంగా ఆపే ప్రోగ్రాములు వేయించకూడదు. మొదట ప్రింటర్ డ్రైవర్‌ను తయారీదారు సైటు నుంచి కొత్తగా వేసి చూడాలి. కుదరకపోతే అప్‌డేట్ హిస్టరీలోని అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌కు వెళ్లి ఆ ఒక్క కేబీ నంబరును తొలగించి, అప్‌డేట్లను ఒకటి రెండు వారాలు మాత్రమే పాజ్ చేయాలి. విండోస్ వెర్షన్ మారి ఇబ్బంది వస్తే వెనక్కి వెళ్లడానికి మామూలుగా పది రోజుల గడువే ఉంటుంది కనుక ఫిర్యాదులను ఆ లోపే సేకరించాలి. ఏది తొలగించామో, ఎందుకు తొలగించామో రిజిస్టర్‌లో రాసి, తరువాతి నెల ప్యాచ్‌తో మళ్లీ ప్రయత్నించాలి. ఈ నెలవారీ ప్యాచ్‌లు పాతవాటిని కూడా కలుపుకుని వస్తాయి కాబట్టి ఒక నెలది తొలగించినా మరుసటి నెల దానితో ఆ లోటు తీరుతుంది.

అప్‌డేట్లే రాని యంత్రాలు

విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు అర్హత ఉన్న యంత్రాలను మార్చేయాలి. అర్హత లేని విండోస్ 10 యంత్రాలకు పొడిగింపు అప్‌డేట్ల పథకం ఉంది, కాని అది కొత్త యంత్రం కొనేదాకా దొరికిన గడువు మాత్రమే. డయాగ్నస్టిక్ ల్యాబులో రక్తపరీక్ష యంత్రానికి అనుసంధానమైన పాత కంప్యూటర్ వంటివి మార్చడం మన చేతిలో ఉండదు, ఎందుకంటే ఆ ఎనలైజర్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్ మీద నడవకపోవచ్చు. దానికి ఇంటర్నెట్ తీసివేయాలి, ఆఫీసు నెట్‌వర్కు నుంచి వేరుచేయాలి, రిపోర్టులు తీసే పెన్‌డ్రైవ్‌ను ఆ ఒక్క పనికే కేటాయించి ప్రతిసారీ వేరే కంప్యూటర్‌లో స్కాన్ చేయాలి. ఎనలైజర్ కంపెనీ సర్వీసు ఇంజినీరు వచ్చినప్పుడు కొత్త విండోస్‌కు సాఫ్ట్‌వేర్ ఎప్పుడు వస్తుందో రాతపూర్వకంగా అడిగి, ఆయన చెప్పిన నెలను ఆ యంత్రం వరుసలోనే రాసి ఉంచాలి.