వంటింటి చెత్తతో ఎరువు: నెల్లూరు ఎండకీ వానకీ తగ్గట్టు ఎలా చేయాలి?

మా ఇంట్లో రోజూ పోగయ్యే చెత్తలో సగానికి పైగా వంటింటిదే. కూరగాయల తొక్కలు, టీపొడి, వాడిన పూలు, అరటి తొక్కలు. దీన్ని పాలకవర్లతో, కాగితాలతో కలిపేస్తే అవి కూడా ఎందుకూ పనికిరావు. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ చెత్త నిర్వహణ నిబంధనల్లో తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చేయమన్నది ఇందుకే.

ముందు పొడి చెత్త సంగతి. పాలకవర్ మూల కత్తిరించేటప్పుడు ముక్కను పూర్తిగా తెంపకండి, కవర్‌కే అంటుకుని ఉండనివ్వండి. ఊడిపోతే ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరలేరు. కవర్లు కడిగి, దండెం మీద ఆరేసి, పేపర్లు, సీసాలతో పాటు పాత సామాన్లవాళ్లకు ఇవ్వండి. బ్యాటరీలు, బల్బులు, మిగిలిన మందులు వేరే డబ్బాలో దాచండి.

ఇక ఎరువు. 20 లీటర్ల ఖాళీ పెయింటు డబ్బాను బాగా కడిగి, చుట్టూ, అడుగున పెన్సిలు దూరేంత రంధ్రాలు పెట్టండి. రెండు ఇటుకల మీద నిలబెట్టి, కింద పళ్లెం ఉంచండి. అడుగున నాలుగు వేళ్ల మందాన కొబ్బరి పీచు పరిచి, గ్లాసుడు పులిసిన మజ్జిగ చల్లండి.

అసలు కిటుకు ఇక్కడుంది: ఒక దోసెడు తడి చెత్త వేస్తే దాని మీద రెండు దోసిళ్ల ఎండాకులు పడాల్సిందే. ఎండాకు తడిని పీల్చుకుంటుంది, మధ్యలో గాలి ఆడనిస్తుంది. గాలి ఆడకపోతేనే కంపు. శివరాత్రి దాటాక వీధిలో వేప, కానుగ ఆకులు కుప్పలుగా రాలతాయి. వాటిని తగలబెడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రెండు గోతాల నిండా నింపుకుంటే నెలల తరబడి వస్తాయి. మూడు నాలుగు రోజులకోసారి కర్రతో అడుగుదాకా కలియబెట్టండి.

తేమ చూడ్డానికి గుప్పెడు తీసి పిండండి. అన్నం ముద్దలా నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. రోహిణి కార్తెలో మిద్దె మీద పెడితే రెండు రోజుల్లో పేలపిండి అయిపోతుంది. నీడకు మార్చి, సాయంత్రం నీళ్లు చిలకరించండి.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మొదటి ఏడాది నవంబరులో నేను మూత సరిగ్గా పెట్టక డబ్బాలోకి నీళ్లు చేరాయి. తెరిస్తే కుళ్ళిన గుడ్ల వాసన. అయినా పారబోయలేదు. గోనె మీద పరిచి ఆరబెట్టి, ఎండాకు దండిగా కలిపి మళ్లీ నింపాను. పది రోజుల్లో కుదుటపడింది. ఇప్పుడు డబ్బా మెట్ల కిందే.

ఆదివారం చేపల పొలుసు, రొయ్యల తలకాయలు మాత్రం ఇందులో వేయకండి, పురుగు పడుతుంది. పెరడుంటే అరటి పాదుకి కాస్త ఎడంగా అడుగున్నర గుంట తీసి పూడ్చి, పైన బండ పెట్టండి. లేకపోతే కుక్కలు తవ్వేస్తాయి. పెరడు లేనివాళ్లు తడి చెత్త బండికే ఇవ్వండి.

డబ్బా నిండాక కొత్తగా ఏమీ వేయకుండా రెండు మూడు నెలలు మాగనివ్వండి. నల్లగా, పొడిపొడిగా, తొలకరికి తడిసిన మట్టి వాసన వస్తే ఎరువు సిద్ధం. జల్లించి కరివేపాకు మొదట్లో రెండు గుప్పిళ్లు వేయండి. జల్లెడలో మిగిలిన గరుకును తర్వాతి డబ్బా అడుగున పరిస్తే మజ్జిగతో కూడా పని లేదు.