పరీక్షల వేళ ప్రింటర్ మొరాయించకుండా

మార్చి వచ్చిందంటే అనంతపురం, కర్నూలు, కడప బడుల్లో ప్రింటర్ మీద రెండు బరువులు ఒక్కసారే పడతాయి: ప్రశ్నపత్రాలు, ఎండ. మామూలు లేజర్ ప్రింటర్‌ను 10 నుంచి 32.5 డిగ్రీల గది కోసం తయారు చేస్తారు. మనం దాన్ని రేకుల గదిలో కిటికీ పక్కన పెడతాం. మొరాయించాక మెకానిక్‌కు ఫోన్ చేస్తే ఆయన వచ్చి చేసే పనుల్లో సగం ఆఫీసు అటెండరు చేసుకోగలిగినవే.

ముందు లెక్క చూసుకోండి. 6 నుంచి 10 దాకా 5 తరగతులు, తరగతికి 40 మంది, 6 సబ్జెక్టులు, పేపరుకు 2 కాగితాలు అనుకుంటే 2,400 కాగితాలు. 500 చొప్పున 5 రీములు తెస్తే చేతిలో మిగిలేది 100. జామ్‌లకూ తప్పులకూ అది చాలదు, 6 తెచ్చుకోండి. నిమిషానికి 14 పేజీలు తీసే హెచ్‌పీ 1020 మీద ఇది ఆపకుండా తీసినా దాదాపు 3 గంటల పని. కానీ ఆపకుండా తీయకూడదు. రీముకూ రీముకూ మధ్య పావుగంట వదలండి. అసలు మధ్యాహ్నం పెట్టుకోవద్దు, పొద్దున 10 లోపు ముగించండి.

ఈ 1020లో వేసే 12ఎ కార్ట్రిడ్జ్‌కు (పౌడర్ డబ్బాకు) 2,000 పేజీలు అంటారు గదా, అది పేజీలో 5 శాతం నలుపు ఉంటేనే. బొమ్మలు, పట్టికలు, చుట్టూ బోర్డర్ ఉన్న ప్రశ్నపత్రం 10 శాతానికి పోతే వచ్చేది 1,000. అంటే పై లెక్కకు నిండు కార్ట్రిడ్జ్‌లు మూడు సిద్ధంగా ఉండాలి. ఆ బోర్డర్ తీసేస్తే పౌడర్ ఎంతో మిగులుతుంది. మార్కులు బోర్డర్‌కు వేయరు.

కాగితం

75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాములు) ఎ4 రీము తూకం వేస్తే కవరు కాకుండా సుమారు 2 కిలోల 340 గ్రాములు రావాలి. 70 జీఎస్ఎం అయితే 2 కిలోల 180. కిరాణా కొట్టు కాటా చాలు. కవరు మీద 75 అని ఉండి 2 కిలోల 200 తూగిందంటే కాగితం పలచనిదైనా కావాలి, లెక్క తక్కువైనా కావాలి. పలచని కాగితం ఫ్యూజర్ (పౌడర్‌ను వేడితో కాగితానికి అంటించే భాగం) వేడికి ముడుచుకుని లోపలే ఇరుక్కుంటుంది.

పొడి గాలికి కాగితాల్లో స్టాటిక్ పుట్టి రెండు మూడు అతుక్కుని పోతాయి. ట్రేలో పెట్టే ముందు కట్టను రెండు చివరలా పట్టి విదిలించండి, అంచులు బల్లకు తట్టి సరిచేయండి. ట్రే గొంతు దాకా నింపొద్దు. అయినా జంటగానే పోతుంటే కాగితాలను విడదీసే సెపరేషన్ ప్యాడ్ అరిగింది, మార్చాలి. కాగితం అసలు లోపలికి పోకపోతే తప్పు కాగితాన్ని లోపలికి లాగే పికప్ రోలర్‌ది. తాడిపత్రి లాంటి చోట పాలిష్ ఫ్యాక్టరీల బండల పొడి రోలర్ రబ్బరు మీద పేరుకుని నున్నగా చేస్తుంది. నీటితో తడిపి గట్టిగా పిండిన నూలుగుడ్డతో రోలర్‌ను తిప్పుతూ తుడవండి, ఆరాక వాడండి. థిన్నర్, పెట్రోలు తగిలితే రబ్బరు పగులుతుంది.

ఎండ అని కూలర్‌ను ప్రింటర్ వైపు తిప్పుతారు. పెద్ద పొరపాటు. కూలర్ తేమకు కాగితం మెత్తబడి అక్షరం మసకగా పడుతుంది, కాగితం బయటికి వచ్చేటప్పుడు గొట్టంలా చుట్టుకుంటుంది. ప్రింట్‌తోపాటు ఆవిరి పైకి లేస్తే అది పొగ కాదు, కాగితంలోని తేమే. విప్పిన రీమును కవరులోనే ఉంచి నోరు మడవండి. మూటను నేల మీద పెట్టకుండా చెక్క మీద పెట్టండి.

కరెంటు

లేజర్ ప్రింటర్‌ను కంప్యూటర్ యూపీఎస్‌కు తగిలించొద్దు. ఫ్యూజర్ వేడెక్కే క్షణంలో అది లాగే కరెంటుకు 600 వీఏ యూపీఎస్ కూతపెట్టి ఆగిపోతుంది, కంప్యూటర్‌నూ ఆపేస్తుంది. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గును గోడ సాకెట్‌కే పెట్టండి. కరెంటు పోతే స్విచ్ ఆపి, వచ్చాక ఐదు నిమిషాలకు వేయండి. ఇంకు ట్యాంక్ ప్రింటర్‌ది వేరే కథ, దాన్ని యూపీఎస్ మోస్తుంది. దాన్ని ఎప్పుడూ బోర్డు దగ్గర ఆపకుండా దాని బటన్‌తోనే ఆపాలి. అప్పుడే హెడ్ తన మూత కిందికి చేరుతుంది. లేకుంటే ఎండలకు ఇంకు నాజిల్‌లోనే ఎండిపోతుంది. వేసవి సెలవుల్లో వారానికి ఒక్క రంగుల పేజీ తీయించండి.

మరకలు చెప్పే సంగతి

నల్ల చుక్క ఒకే పేజీలో పైనుంచి కిందికి మళ్లీ మళ్లీ వస్తుంటే స్కేలు పెట్టి కొలవండి. 12ఎ కార్ట్రిడ్జ్‌లో చుక్కకూ చుక్కకూ సుమారు 75 మిల్లీమీటర్లుంటే డ్రమ్ (పౌడర్‌ను కాగితం మీదికి ఎక్కించే గొట్టం) మీద గాటు పడింది. 38 దగ్గరుంటే డ్రమ్‌కు ఛార్జ్ ఎక్కించే ఛార్జ్ రోలర్ చూడాలి. రెండూ కార్ట్రిడ్జ్‌లోవే, మిషన్ విప్పే పని లేదు. పైనుంచి కిందికి నల్ల గీత ఉంటే డ్రమ్ గీసుకుంది, లేదా దాన్ని తుడిచే బ్లేడు పోయింది. తెల్ల పట్టీ అంటే పౌడర్ అయిపోవస్తోంది. కార్ట్రిడ్జ్ తీసి అడ్డంగా ఐదారుసార్లు మెల్లగా ఊపితే కొన్ని పేజీలు గడుస్తాయి. పేజీ అంతా బూడిద రంగు తేలితే వాడేసిన పౌడర్ గది నిండిపోయి ఉంటుంది. రీఫిల్ చేసేవాళ్లు కొత్తది పోస్తారు గానీ పాతది పారబోయడం మరిచిపోతారు, దగ్గరుండి అడగండి.

వేలితో రుద్దితే అక్షరం రాలిపోతోందా? తప్పు ఫ్యూజర్‌ది. అనుమానముంటే ఒక పేజీ పంపి, కాగితం సగం లోపలికి పోగానే మూత తెరవండి. కార్ట్రిడ్జ్ తీసి కాగితాన్ని చూడండి. ఫ్యూజర్‌కు చేరకముందే మరక ఉంటే లోపం కార్ట్రిడ్జ్‌లో. అక్కడ శుభ్రంగా ఉండి బయట పాడైతే ఫ్యూజర్‌లో. ఇది చూసి చెబితే మెకానిక్ సరైన సామానుతోనే వస్తాడు. తీసిన కార్ట్రిడ్జ్‌ను వెలుతురులో ఉంచకుండా నల్లగుడ్డ కప్పండి. పౌడర్ చేతికంటితే చన్నీళ్లతోనే కడగాలి, వేడినీళ్లకు అది కరిగి పట్టేస్తుంది.

‘ఆఫ్‌లైన్’

నెట్‌వర్క్ ప్రింటర్ కరెంటు పోయి వచ్చాక ‘ఆఫ్‌లైన్’ అంటే చాలాసార్లు జరిగేదిది: రౌటర్ దానికి కొత్త ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) ఇచ్చింది, కంప్యూటర్లు పాత చిరునామాకే ఉత్తరం వేస్తున్నాయి. రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే ఏర్పాటు) రిజర్వేషన్ తెరిచి ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కు (దాని గుర్తింపు నంబరుకు) ఒక ఐపీ, ఉదాహరణకు 192.168.1.50, కట్టేయండి. తర్వాత ప్రతి కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్, యాడ్ పోర్ట్‌కు వెళ్లి స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్‌గా ఆ నంబరే ఇవ్వండి. విండోస్ తనంతట పెట్టే డబ్ల్యూఎస్‌డీ పోర్ట్‌ను నమ్మొద్దు. ఆ నంబరు రాసిన చీటీ ప్రింటర్ మీదే అంటించండి.

క్యూలో ఒక ఫైలు ఇరుక్కుని డిలీట్ కాకపోతే విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ (క్యూను నడిపేది) ఆపండి. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ తుడిచి స్పూలర్ మళ్లీ వేయండి. ఫోల్డర్‌ను మాత్రం తీయొద్దు.

తెలుగు పేపర్

డీటీపీలో వాడే అను తెలుగు ఫాంట్లలో కొట్టిన పేపర్‌ను ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. డీటీపీ సెంటర్ నుంచి ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్‌నే అడిగి తెచ్చుకోండి. తెర మీద బాగుండి కాగితం మీద ‘లక్ష్మి’లో ఒత్తు పక్కకు జరిగితే అక్రోబాట్ రీడర్ ప్రింట్ పెట్టెలో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ టిక్ పెట్టండి. నెమ్మదిగా వస్తుంది, ఒత్తులు మాత్రం కదలవు.

ఒక్కో పేపర్ 80, 100 కాపీలు కావాల్సిన పెద్ద బడికి రిసోగ్రాఫ్ (స్టెన్సిల్‌తో కాపీలు తీసే మిషన్) మేలు. మాస్టర్ (ఆ స్టెన్సిల్) ఖర్చు ఒక్కసారే, కాపీలు పెరిగేకొద్దీ పేజీ చవకవుతుంది. దాని ఇంకు ఆరడానికి సమయం పడుతుంది, రెండో వైపు వెంటనే తీస్తే మరకలవుతాయి. ఆ కాగితాన్ని లేజర్ ప్రింటర్‌లో పెట్టొద్దు, ఇంకు ఫ్యూజర్‌కు అంటుకుంటుంది.

ప్రశ్నపత్రం బయటికి పోయేది చాలావరకు ప్రింటర్ దగ్గరే. ప్రింటర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లో ‘కీప్ ప్రింటెడ్ డాక్యుమెంట్స్’ టిక్ ఉంటే తీసేయండి. అదుంటే ఎవరైనా క్యూ తెరిచి పేపర్ మళ్లీ తీసుకోవచ్చు. జామ్ అయిన, మసకగా వచ్చిన కాగితాలను చెత్తబుట్టలో వేయకుండా లెక్కపెట్టి, మిగతా కట్టతోపాటే సీల్ వేయండి.