బెజవాడ ఎండల్లో టెగూ పిల్ల: వేసవికి ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

టెగూ అనే పెద్ద జాతి బల్లి పెంపకం గురించి దొరికే సూచనల్లో ఎక్కువ భాగం చలి దేశాలవారు రాసినవి. గూటిని వెచ్చగా ఎలా ఉంచాలి, రాత్రి చలి నుంచి ఎలా కాపాడాలి అన్నదే వారి బెంగ. విజయవాడలోనో గుంటూరులోనో ఏప్రిల్ దాటాక ఆ సూచనలను అక్షరాలా పాటిస్తే పిల్ల దక్కదు. ఇక్కడ వేడి అడగకుండానే వస్తుంది. దాని నుంచి తప్పుకునే చోటును మాత్రం మనమే కట్టి ఇవ్వాలి.

నలుపు తెలుపు టెగూ సొంతచోటు దక్షిణ అమెరికా. బ్రెజిల్, అర్జెంటీనా, పరాగ్వే, ఉరుగ్వే దేశాల్లో ఉంటుంది. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో తల, మెడ ఆకుపచ్చగా మెరుస్తాయి. కొన్ని నెలల్లో ఆ రంగు పోతుంది. అడుగు పొడవు కూడా లేని పిల్ల రెండు మూడేళ్లలో నాలుగడుగుల జంతువవుతుంది. పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. కొనేముందు ఇంట్లో అందరూ ఈ లెక్క వేసుకోవాలి. పెద్దదానికి ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న గూడు కావాలి. అంటే అద్దె ఇంట్లో ఒక మంచం చోటు కంటే ఎక్కువ.

అడవిలో ఎండ ముదిరితే టెగూ బొరియలోకి దూరుతుంది. దానికి చెమట పట్టదు. చుట్టూ ఎంత వేడి ఉంటే ఒళ్లూ అంత వేడెక్కుతుంది. కాబట్టి చోటు మారడం ఒక్కటే దానికి తెలిసిన ఉపాయం. పిల్ల ఒళ్లు చిన్నది గనుక త్వరగా వేడెక్కుతుంది, త్వరగా ఎండిపోతుంది కూడా. గాజుపెట్టెలో రెండు మూలలూ ఒకే వేడిలో ఉంటే ఆ ఉపాయమూ పోయినట్టే.

ముందు కాగితాలు

మన ప్రాంతంలో టెగూను చూసిన పదిమందిలో తొమ్మిదిమంది ఉడుము అనుకుంటారు. పక్కింటి మామ్మగారు "అదేమిటి బాబూ, ఉడుమును ఇంట్లో కట్టేశావు?" అని అడిగితే నవ్వి ఊరుకోవద్దు. ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, దాన్ని పట్టడమూ పెంచడమూ నేరం. టెగూ వేరే కుటుంబానికి చెందిన విదేశీ జంతువు. అయినా దానికీ నిబంధనలు ఉన్నాయి. అంతర్జాతీయ వ్యాపార ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో టెగూలు ఉన్నాయి. 2022 సవరణతో ఆ జాబితా మన చట్టంలోకీ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం ఇలాంటి జంతువు చేతికొచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. తర్వాత ఎవరికైనా ఇచ్చినా, పిల్లలు పుట్టినా తెలపాలి. అమ్మేవారు కాగితాల మాట దాటవేస్తే అక్కడితో బేరం ఆపేయండి. తక్కువ ధరకు వస్తుందన్న ఆశతో దొంగచాటు సరుకు కొంటే, రేపు అటవీశాఖవారు తలుపు తట్టినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

కొనే కాలం కూడా ముఖ్యమే. నా మాట వింటే మార్చి దాటాక జూన్ వానలు పడేదాకా కొత్త పిల్లను తేకండి. కొత్త చోటు బెదురుతో అసలే తిండి మానేసిన పిల్లకు ప్రయాణపు వేడి తోడైతే తట్టుకోలేదు. బస్సు డిక్కీలో పార్సిలుగా రావడం చలికాలంలోనే తప్పు, మేలో అది చంపడమే. తప్పనిసరైతే తెల్లవారుజామున, ఏసీ కారులో, గాలి ఆడే పెట్టెలో మెత్తని గుడ్డ వేసి తెచ్చుకోండి.

చల్లని మూల ఎలా కట్టాలి

"రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అన్నది ఊరికే పుట్టిన సామెత కాదు. మే మొదటి వారంలోనే కృష్ణ ఒడ్డున గాలి సెగలు కక్కుతుంది. మొగల్రాజపురం వైపు కొండరాళ్లు పగలు తాగిన ఎండను రాత్రంతా వదులుతూ ఉంటాయి. పై అంతస్తు ఇళ్లలో శ్లాబు కూడా చేసేది అదే. అందుకే గూడు పెట్టే గదిని మార్చి నెలాఖరుకల్లా ఎంచుకోవాలి. పడమటి గోడ పక్కన వద్దు, కిటికీ ఎండ పడేచోట అసలు వద్దు. ఎండలో పెట్టిన గాజుపెట్టె నిమిషాల్లో పొయ్యి అవుతుంది. పైగా ఎముకలకు పనికొచ్చే అతినీలలోహిత కిరణాలు గాజును దాటి రావు. అంటే కిటికీ ఎండతో పిల్లకు దక్కేది వేడి మాత్రమే.

గూట్లో ఒక వైపు వెచ్చగా, ఇంకో వైపు చల్లగా ఉండాలి. ఎండ కాచుకునే రాయి పైభాగం 40 నుంచి 45 డిగ్రీలు, చల్లని మూల 24 నుంచి 27 డిగ్రీలు ఉంటే సరి. తేమ 70 నుంచి 80 శాతం ఉండాలి. చేత్తో తాకి అంచనా వేయకండి. తీగ చివర కొలిచే మొన ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు కొని, రెండు వైపులా ఒక్కొక్కటి పెట్టండి. వేడి దీపాన్ని తప్పకుండా థర్మోస్టాట్‌కు, అంటే వేడిని దానంతటదే అదుపు చేసే పరికరానికి, కలపాలి. వేసవిలో దాన్ని ఉదయం కొన్ని గంటలు వెలిగించి, తిన్నది అరిగేందుకు సరిపడా కాచుకోనిచ్చి, పది గంటలకల్లా ఆపేయవచ్చు. ఎముకల కోసం గూట్లో పెట్టే అతినీలలోహిత ట్యూబు సంగతి వేరు, దాన్ని వేడితో ముడిపెట్టి ఆపకండి. వెలుగు బాగానే ఉన్నా ఆ ట్యూబు శక్తి క్రమంగా తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికోసారైనా మార్చాలి.

ఫ్యాను విషయంలో చాలామంది పొరపడతారు. ఫ్యాను గాలి మనకు చల్లగా అనిపించేది చెమట ఆరడం వల్ల. చెమటే పట్టని టెగూకు ఆ గాలి చల్లదనం ఇవ్వదు, ఒంట్లో తేమను మాత్రం లాగేస్తుంది. ఏసీ గదిని చల్లబరుస్తుంది గాని గాలిని ఎండబెడుతుంది. కాబట్టి 26, 27 డిగ్రీల దగ్గర పెట్టి, గూట్లో తేమను విడిగా చూసుకోవాలి. వడగాడ్పులు వీచే పొడి మధ్యాహ్నాల్లో కూలరు బాగా పనిచేస్తుంది, చల్లదనమూ తేమా రెండూ ఇస్తుంది. గాలి నేరుగా గూటి మీదకు కొట్టకుండా పక్కకు తిప్పితే చాలు. వట్టివేళ్ల తెరలు దొరికితే ఇంకా మంచిది.

అన్నిటికంటే చవకైనది, నాకు బాగా నచ్చినది మట్టికుండ. మూతి వెడల్పున్న కుండను పక్కకు పడుకోబెట్టి, చల్లని మూలలో సగం దాకా కొబ్బరి పొట్టులో పూడ్చండి. లోపల తడిపొట్టు వేయండి. కుండ పైన తడిపిన గోనెపట్టా కప్పితే, అది తడిగా ఉన్నంతసేపు లోపల చల్లగా ఉంటుంది. నర్సరీల్లో ఇటుకల్లా అమ్మే కొబ్బరి పొట్టును ముందు నీళ్లలో నానబెట్టి, ఉప్పు పోయేలా ఒకసారి కడిగి పిండాలి. తేమ సరిపోయిందో లేదో పిడికిలే చెబుతుంది. గట్టిగా పిసికితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. జానెడు లోతు పరిస్తే పిల్ల తానే తవ్వుకుని లోపలికి పోతుంది. మధ్యాహ్నమంతా కనిపించకపోయినా తవ్వి బయటకు తీయకండి. అది చేస్తున్నది సరైన పనే.

కరెంటు పోయినప్పటి ఏర్పాటు ముందే ఉండాలి. ఏసీ ఆగిన మూసిన గది ఇంట్లో అన్నిటికంటే ముందు వేడెక్కుతుంది. ఫ్రిజ్‌లో రెండు మూడు నీళ్ల సీసాలు ఎప్పుడూ గడ్డకట్టి ఉండాలి. అవసరమైనప్పుడు గుడ్డ చుట్టి చల్లని మూలలో పెట్టాలి. కూలరు నడపగల ఇన్వర్టరు ఉంటే బెంగ లేదు.

వడదెబ్బ గుర్తులు

నోరు తెరుచుకుని ఆయాసపడటం, గాజు గోడ వెంట ఆగకుండా తిరగడం, తర్వాత కాళ్లు చాపి చలనం లేకుండా పడిపోవడం: ఇవి వడదెబ్బ దారిలో మెట్లు. కాచుకునే రాయి మీద కాసేపు నోరు తెరిస్తే ఫరవాలేదు. చల్లని మూలలో ఉండి కూడా నోరు తెరిచి ఉంటే వెంటనే బయటకు తీయండి. నీడపట్టున, మామూలు కుళాయి నీళ్లతో తడిపిన గుడ్డ మీద పడుకోబెట్టండి. ఐసు నీళ్లు పోయకండి, నోట్లో నీళ్లు బలవంతంగా పోయకండి. కాస్త తేరుకున్నా వైద్యుడికి చూపించాలి.

నీరు తగ్గిన సంగతి మలంలో ముందే తెలుస్తుంది. మలంతో పాటు మూత్రంగా వచ్చే, తెల్లగా మెత్తగా ఉండాల్సిన భాగం పసుపు పచ్చగా, సుద్దముక్కలా గట్టిపడితే నీళ్లు చాలడం లేదన్నమాట. కళ్లు లోతుకు పోవడం, చర్మం ముడతలు పడటం ఆ తర్వాతి సంగతి. పిల్ల ఒళ్లు మునిగేంత వెడల్పు మూకుడులో రోజూ నీళ్లు మార్చండి. కుబుసం విడిచాక కాలివేళ్లు, తోక చివర దగ్గరికి పెట్టి చూడండి. పొడి గాలిలో పాత చర్మం అక్కడ ఉంగరంలా బిగుసుకుని రక్తం ఆడకుండా చేస్తుంది, ఆ వేలు నల్లబడి రాలిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నాననిచ్చి, తడి గుడ్డతో మెల్లగా తీయాలి.

మేలో తిండి మానేస్తే "టెగూలు శీతాకాలంలో నిద్రపోతాయట, ఇదీ అదే కాబోలు" అని ఊరుకునేవారున్నారు. మన వేసవిలో తిండి మానడానికి మొదటి కారణం వేడేనని అనుకుని థర్మామీటర్లు చూడండి, ఆ తర్వాత వైద్యుడికి చూపించండి.

దగ్గరలో ఎవరు చూస్తారో ఇప్పుడే కనుక్కోండి. పశువైద్యుల్లో ఎక్కువమంది చూసేది గేదెలను, కుక్కలను. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. సరీసృపాలను చూసే అనుభవం ఎవరికుందో అక్కడ ముందే అడిగి, ఫోను నంబరు రాసి పెట్టుకోవడం మంచిది.

తిండి, చీమలు, మందులు

పిల్లకు రోజూ తిండి పెట్టాలి. కీచురాళ్లు, పెంపకపు బొద్దింకలు, కోడి గుండె ముక్కలు, అప్పుడప్పుడు ఉడికించిన గుడ్డు, బొప్పాయి, మామిడి పండు తింటుంది. పచ్చి గుడ్డు తెల్లసొన తరచూ పెడితే బయోటిన్ అనే విటమిన్ లోపం వస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, అవకాడో పనికిరావు. పెరుగన్నం పెట్టి శాకాహారిగా పెంచుదామనుకునే ఇల్లయితే వేరే జంతువును చూసుకోవడం మేలు. పురుగుల మీద కాల్షియం పొడి చల్లడం మానకండి. దవడ మెత్తబడటం, కాలివేళ్లు వణకడం కాల్షియం చాలని ఎముకల జబ్బుకు గుర్తులు.

గుంటూరు చుట్టుపక్కలవారికి ప్రత్యేకంగా ఒక మాట. మిరప చేలలో, పత్తి చేలలో పట్టిన మిడతలను పెట్టకండి. అక్కడ పురుగుమందు తగలని పురుగు దొరకడం కష్టం. ఇంట్లో దొరికే బొద్దింకలూ వద్దు, అవి ఏ మందు తిని వచ్చాయో తెలియదు.

వేసవిలో చీమలు తడికోసం, తిండి ముక్కల కోసం గూట్లోకి బారులు తీరతాయి. నిద్రపోతున్న చిన్న పిల్లను కుట్టి గాయాలు చేస్తాయి. అప్పుడు చేతికి తగిలేది చీమల చాక్‌పీసు. గూటి దగ్గర దాన్ని గీయకండి, అందులో ఉన్నది విషమే, పిల్ల నాలుకతో నేలంతా తడుముతూ తిరుగుతుంది. గూటి బల్ల కాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు పెట్టండి, పాలు కాచిన గిన్నెకు మన అమ్మమ్మలు చేసినట్టే. ఆ గదిలో దోమల చుట్టలు, స్ప్రేలు, ఫినాయిలు కూడా వద్దు.

సెలవుల్లో పిల్లలు

బడికి సెలవులిస్తే బంధువుల పిల్లలందరూ గూటి చుట్టూ చేరతారు. పరుగెత్తే టెగూ పిల్లను తోక పట్టుకుని లాగితే తోక ఊడి చేతిలోకి వస్తుంది. మళ్లీ పెరిగినా మునుపటిలా ఉండదు. మొదటి వారాలు అసలు పట్టుకోకుండా, చేతి వాసన అలవాటు చేయడమే పని. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ఎందుకంటే సరీసృపాల ఒంటి మీద విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది. అయిదేళ్లలోపు పిల్లలను, గర్భిణులను, వృద్ధులను దూరంగా ఉంచండి. దాని మూకుడును వంటింటి సింకులో కడగకండి.

పెంచలేమనిపిస్తే బందరు కాలువ గట్టునో, కొండపల్లి అడవిలోనో వదిలేయకండి. అమెరికాలోని ఫ్లోరిడాలో తప్పించుకున్న, వదిలేసిన టెగూలే అడవిలో సంతతి పెంచుకుని, నేల మీద గూడు కట్టే జీవుల గుడ్లను తినేస్తున్నాయి. 2021లో అక్కడి ప్రభుత్వం వాటిని నిషేధిత జాబితాలో చేర్చింది. అడవిశాఖకు తెలిపి, కాగితాలతో సహా పెంచగలవారికి అప్పగించడమే దారి.

జూన్‌లో మొదటి వాన పడగానే ఈ జాగ్రత్తలన్నీ ఒకేసారి ఎత్తేయకండి. గాలిలో తేమ దానికదే పెరుగుతుంది కాబట్టి తడి గోనెపట్టాను ముందు తీసేయండి, పొట్టుకు బూజు పట్టిందేమో చూసి మార్చండి. వాన రోజుల్లో వేడి దీపం మళ్లీ పగలంతా అవసరపడుతుంది. తడిగా, చల్లగా ఉన్న గూట్లో పిల్ల ముక్కు దగ్గర బుడగలు కనిపిస్తే అది ఊపిరితిత్తుల జబ్బు మొదలు, ఆ రోజే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.