రోడ్డు విస్తరణకు బదులుగా బస్సులు, సైకిలు దారులు కోరడం ఎలా?

మీ ప్రాంతంలో కొత్త ఫ్లైఓవర్ ప్రతిపాదన వచ్చినప్పుడు "మాకు వద్దు" అని మాత్రమే అర్జీ పెడితే దాన్ని పక్కన పెట్టడం అధికారులకు తేలిక. అదే ఖర్చుతో ఇంకా ఎక్కువ మందిని గమ్యం చేర్చవచ్చని లెక్కలతో చూపిస్తే వారు జవాబు చెప్పవలసి వస్తుంది.

కనుక ముందు లెక్కింపు మొదలుపెట్టండి. ట్రాఫిక్ సర్వేలు సాధారణంగా వాహనాలను లెక్కిస్తాయి; మీరు మనుషులను లెక్కించాలి. పనిదినాన ఉదయం 8 నుంచి 10 గంటల వరకు కూడలి దగ్గర ముగ్గురు నిలబడి, కార్లు, బైకులు, ఆటోలు, బస్సులు, సైకిళ్లలో వెళ్లేవారినీ, నడిచి వెళ్లేవారినీ వేర్వేరు గళ్లలో పావుగంటకొకసారి నమోదు చేయాలి. సర్వేలు ఒక బస్సును కొన్ని కార్లకు సమానంగా మాత్రమే కడతాయి కాబట్టి, అందులో నిలబడి ప్రయాణించేవారు ఆ పట్టికలో కనిపించరు. బస్టాపులో ఎక్కలేక మిగిలిపోయినవారి సంఖ్యను తప్పక రాసుకోండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం అమలులో ఉన్నందున బస్సెక్కేవారు పెరిగారు; నా దృష్టిలో బస్సులు పెంచాలనడానికి ఈ సంఖ్యకు మించిన ఆధారం లేదు.

తరువాత సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ప్రాజెక్టు సవివర నివేదిక అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. బస్సుల ప్రత్యామ్నాయాన్ని పోల్చి చూశారా అన్న ప్రశ్నను విడిగా వేయండి.

"రోడ్డు వెడల్పైతే రద్దీ తగ్గదా?" అని ఎవరైనా అడిగితే అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఉన్న కేటీ ఫ్రీవే అనే రహదారి ఉదాహరణ చెప్పండి. పక్క రోడ్లతో కలిపి కొన్ని చోట్ల 26 వరుసల వరకు విస్తరించిన ఆ దారిలో కొన్నేళ్లకే రద్దీ వేళల ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది. ఖాళీ కనిపించిన రోడ్డు కొత్త కార్లను రప్పిస్తుంది. వాహనాలకన్నా మనుషుల రాకపోకలకే ప్రాధాన్యమివ్వాలని మన 2006 జాతీయ పట్టణ రవాణా విధానం కూడా చెబుతోంది.

కోరికలు నిర్దిష్టంగా ఉండాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో ప్రారంభమైన, సౌర ఫలకాల కప్పుతో కూడిన 23 కిలోమీటర్ల సైకిలు దారి వ్యాయామానికి బాగుంటుంది. ఉద్యోగానికి వెళ్లేవారికి మాత్రం కాలనీ నుంచి మెట్రో స్టేషన్ వరకు రెండు కిలోమీటర్ల సురక్షితమైన దారి, అక్కడ తాళం వేసుకునే స్టాండు మరింత అవసరం. వీటితో పాటు రద్దీ వేళల్లో ఎన్ని నిమిషాలకొక బస్సు కావాలో కూడా రాసి, లెక్కల పట్టిక జతచేసి అర్జీ అందజేయండి. మీ దగ్గరుంచుకునే ప్రతిపై అందినట్లు ముద్ర వేయించుకోండి.